స్టేషను వాకిట శిల్పము

తిరువూరునకు రైలు లేదు. ఎన్.టి.ఆర్. జిల్లా ఉత్తరపు అంచున, ఖమ్మం జిల్లా పొలిమేరకు చేరువగా ఉన్న ఈ పట్టణమునుండి రైలెక్కదలచినవారు బస్సులో మధిరకో, ఖమ్మమునకో, విజయవాడకో పోవలసినదే. అందుచేత ఇచ్చటి బాలబాలికలకు రైలుస్టేషను నిత్యము కన్నులబడు కట్టడము కాదు. ప్రయాణము నాడు మాత్రమే, అదియు మూటలు చేతబట్టుకొని, బండి తప్పిపోవునేమో అను తొందరలో చూచెడి కట్టడము. పట్టణవాసి సంగతియు ఇంతకంటె మెరుగు కాదు. అరుదుగా చూచువారు తొందరచేత చూడరు. ప్రతిదినము చూచువారు అలవాటుచేత చూడరు. ఇంతమంది దాటిపోవుచు, ఇంత తక్కువమంది తలయెత్తి చూచు భవనము వేరొకటి ఉండునా అనిపించును.

పూర్వము ఊరికి కోటగుమ్మము ఉండెడిది. అచ్చట కావలివాడు వచ్చినవానిని నిలిపి, ఎవరు, ఎచ్చటివాడు అని అడిగెడివాడు. దేవాలయమునకు గాలిగోపురము ఉండెడిది. అది క్రోసుల దూరమునుండియే యాత్రికుని పిలిచెడిది. పందొమ్మిదవ శతాబ్దమున రైలు వచ్చిన పిమ్మట ఈ రెండు పనులును స్టేషనుమీద పడినవి. ఊరికి గుమ్మమును అదియే, గోపురమును అదియే. అయితే ఈ గుమ్మమున కులగోత్రములు అడుగువారు లేరు. టిక్కెట్టు ఉన్న చాలును. రాజమందిరము వంటి కప్పు క్రింద కూలివాడు తన మూటమీద కూర్చుండుటకు మొదటిసారిగ హక్కు కలిగినది రైలుస్టేషనులోనే అని చెప్పినను అతిశయోక్తి కాదు.

బండికొరకు కొంతసేపు నిలుచుండుటకు మాత్రమే ఉపయోగపడు కట్టడమునకు గుమ్మటములేల? రంగుల పెంకులేల? రేకుల పందిరి చాలదా? ఈ ప్రశ్నకు సమాధానము రెండు స్టేషనులలో వెదకవచ్చును. ఒకటి న్యూయార్కు నగరమున భూమి క్రింద ఉన్నది, 1904లో తెరచిరి. రెండవది మన హైదరాబాదునందలి కాచిగూడ, 1916 నాటిది. రెంటినడుమ సముద్రములున్నవి, కాలమున మాత్రము పండ్రెండేండ్లే అంతరము. వాటి పుట్టుక ఇంచుమించు ఒకటే. వాటి గతి మాత్రము ఒకటి కాలేదు.

భూమి క్రింది మందిరము

భూగర్భ రైలు మొట్టమొదట నడచినది లండనులో. 1863 జనవరి 10వ తేదీన ప్యాడింగ్టన్‌నుండి ఫారింగ్డన్ వరకు ఆ మార్గమును తెరచిరి. అవి ఆవిరియంత్రముల దినములు. సొరంగమునిండ బొగ్గుపొగ, చీకటి, ఉక్క. విద్యుచ్ఛక్తి వచ్చి పొగబాధ తీరినను, భూమి క్రిందికి దిగుట అనగా గనిలోనికి దిగుటయే అను జంకు జనులను వెంటనే విడువలేదు. కనుకనే తరువాత వచ్చిన నగరములు తమ భూగర్భ స్టేషనులను వెలుతురుతోను, రంగులతోను నింపజూచినవి. 1935లో మొదలైన మాస్కో మెట్రో పాలరాతి స్తంభములతో ప్రాసాదములను తలపించినది. మన దేశమున తొలి భూగర్భ రైలు 1984 అక్టోబరు 24న కలకత్తాలో నడచినది. 2017 నవంబరులో ప్రారంభమైన హైదరాబాదు మెట్రో భూమి క్రింద గాక స్తంభములమీద పోవుచున్నది.

న్యూయార్కులో ఇట్టి రైలు 1904 అక్టోబరు 27న మొదలైనది. తొలి మార్గము పొడవు సుమారు 9 మైళ్లు, స్టేషనులు 28, టిక్కెట్టు 5 సెంట్లు. ఆ మార్గమునకు మొదటిదియు, నగర సభాభవనము క్రిందనే ఉండుటచేత ముఖ్యమైనదియు సిటీహాలు స్టేషను. హైన్స్, లఫార్జ్ అను ఇద్దరు వాస్తుశిల్పులు దీనిని రూపొందించిరి. కప్పు పని గ్వాస్తవీనో అను స్పెయినుదేశపు నిర్మాత స్థాపించిన సంస్థది.

ఆ కప్పులోని కిటుకు తెలిసికొనదగినది. మన తాపీపనివారు కమాను కట్టవలెనన్న ముందు క్రింద కర్రలతో ఆధారము నిలిపి, దానిమీద ఇటుకలు పేర్చి, పని ఆరిన పిదప ఆధారమును తీసివేయుదురు. దానినే సెంట్రింగు అందురు. గ్వాస్తవీనో తన దేశమున తరతరములుగ ఉన్న వేరొక పద్ధతిని అమెరికాకు కొనిపోయెను. పలుచని కాల్చిన పెంకులను వెంటనే గట్టిపడు గచ్చుతో ఒకదాని అంచునకు మరియొకటి అతికించి, దానిపై సిమెంటుతో రెండవ పొర, మూడవ పొర వేయుచు పోవుటయే ఆ పద్ధతి. పొరలలోని అతుకులు ఒకదానిమీద ఒకటి పడకుండ చూతురు. అట్లు చేసిన కప్పు తన వంపుచేతనే నిలుచును. క్రింద పెద్ద సెంట్రింగు అక్కరలేదు, బరువు తక్కువ, నిప్పునకు చెడదు.

సిటీహాలు స్టేషనులో ప్లాటుఫారము వంపు తిరిగి ఉన్నది. దానిమీద ఇట్టి కమానులు ఒకదాని వెనుక ఒకటిగ సాగినవి. వాటి అంచులకు ఆకుపచ్చని గాజుపూత పెంకులు, నడుమ లేతరంగు పెంకులు. కప్పులో అక్కడక్కడ సీసపు పట్టీలతో బిగించిన అద్దములు. పైనున్న తోటలోని పగటివెలుతురు వాటిగుండ క్రిందికి దిగెడిది. రాత్రివేళకు ఇత్తడి దీపగుచ్ఛములు. ఇచ్చట గమనింపదగిన విషయమొకటి ఉన్నది. కప్పును మోయుచున్న పెంకే కప్పునకు అలంకారము. కట్టిన తరువాత పైన అంటించిన నగ కాదు అది.

ఆ మార్గమునందలి ఇతర స్టేషనులలోను కాల్చిన మట్టిపలకలమీద బొమ్మలు అమర్చిరి. ఆస్టర్ ప్లేసు స్టేషనులో బీవరు అను నీటిజంతువు బొమ్మ కలదు; ఆస్టరు అను వర్తకుడు దాని బొచ్చుతోలు వ్యాపారముచేత కోటీశ్వరుడయ్యెను. కొలంబస్ సర్కిల్ స్టేషనులో కొలంబసు ప్రయాణించిన ఓడ, ఫుల్టన్ వీధి స్టేషనులో ఫుల్టను నడపిన ఆవిరిపడవ. పలుదేశములనుండి వచ్చి పలుభాషలాడు జనులతో నిండిన నగరము అది. ఇంగ్లీషు చదువలేనివాడును బొమ్మను చూచి తన స్టేషనును గుర్తింపవచ్చును. మన ఒకటవ తరగతి వాచకమున అక్షరము ప్రక్కన ఆవుబొమ్మ వేయుటలోని యుక్తి ఇదియే.

మూసీ వరద, క్రొత్త నగరము

ఇక కాచిగూడ. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి హైదరాబాదు నగరమును ముంచివేసినది. వేలకొలది జనులు మరణించిరి. 1911లో గద్దెనెక్కిన మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలమున నగరమును తిరిగి తీర్చు పని మొదలైనది. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడినది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల ననుసరించి వరదను ఆపుటకు 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు పూర్తియైనవి. నదికి ఇరువైపుల క్రొత్త భవనములు లేచినవి. హైకోర్టు, సిటీ హైస్కూలు, ఉస్మానియా ఆసుపత్రి అప్పటివే. ఆ వరుసలో ముందుగ వచ్చినది కాచిగూడ స్టేషను.

వీటి రూపకల్పనలో పాలుపంచుకొన్న వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్ అను ఆంగ్లేయుడు. అంతకుముందు ఆయన కలకత్తాలో విక్టోరియా స్మారక మందిర నిర్మాణమునకు పర్యవేక్షకుడుగ ఉండెను. హైదరాబాదునకు వచ్చి, మొగలు, దక్కను కట్టడముల పోకడలను చూచి, వాటినే తన భవనములకు తొడిగెను. ఈ శైలికి ఇండో-సారసెనిక్ అని పేరు.

నైజాము రాజ్యమున రైలు అప్పటికి క్రొత్తది కాదు. వాడినుండి సికిందరాబాదునకు 1874లోనే రైలు వచ్చినది. ఆ మార్గమే వరంగల్లు, డోర్నకల్లుల మీదుగ సాగి 1889లో బెజవాడ చేరినది. నేడు తిరువూరువాసి మధిరలో ఎక్కు బండి ఆ మార్గముననే పోవును. మన్మాడునుండి వచ్చిన మీటరుగేజి మార్గము ఇరువదవ శతాబ్దారంభమున పూర్తియై, పిమ్మట సికిందరాబాదునుండి దక్షిణముగ మహబూబునగరము వైపు సాగినది. ఆ మార్గమున రాజధాని నగరమునకు గుమ్మముగ నిలుచుటకే కాచిగూడ స్టేషనును కట్టిరి.

ఎదుట నిలిచి చూచినవానికి మొదట కనబడునది నడుమనున్న పెద్ద గుమ్మటము. దానికి ఇరుప్రక్కల చిన్న గుమ్మటములు. వాటి సరసన సన్నని మినారులు. క్రింద మొనదేలిన కమానుల వరుస. భవనము ఎత్తుకంటె పొడవు హెచ్చు. చేతులు రెండును చాచి నిలిచిన మనిషివలె అది వచ్చువారికి ఎదురుగ ఉన్నది. ఎడమవైపు ఏది ఉన్నదో కుడివైపునను అదియే ఉన్నది. ఈ సమతుల్యమే తొందరలో వచ్చువానికి త్రోవ చూపును: నడుమ గుమ్మటమున్న చోటనే వాకిలి, వెదకనక్కరలేదు.

ఈ శైలి భవనములందు సొంపుకొరకే అని తోచు భాగములు అనేకములు పనికొరకు పుట్టినవి. గోడనుండి ముందుకు వచ్చిన సజ్జ ఎండను ఆపును, వాననీటిని గోడమీద పడకుండ దూరముగ విసరును. జాలీ పలక చూపును ఆపి గాలిని విడుచును. ఎత్తైన కప్పు వేడిగాలిని పైకి పోనిచ్చి, క్రింద నిలిచినవారికి ఊరట కలిగించును. విద్యుత్తు పంకాలు ఇంటింటికి రాని కాలమున, వేసవి మధ్యాహ్నము బండికొరకు కూర్చున్నవానికి ఇవి విలాసములు కావు.

అచ్చులో పోసిన అందము

కాచిగూడ స్టేషను రాతితో కట్టినది కాదు. ఇనుపకడ్డీలు పొదిగి, ముందుగనే అచ్చులలో పోసి గట్టిపరచిన కాంక్రీటు భాగములతో దానిని కూర్చిరి. ఆ కాలమునకు మన దేశమున ఇది మిక్కిలి క్రొత్త పద్ధతి. కాంక్రీటు నొక్కుడును సహించును గాని లాగుడును సహింపదు. ఇనుము లాగుడును సహించును. రెంటిని కలిపిన యెడల ఒకదాని లోపమును మరియొకటి తీర్చును. అచ్చు ఒకటి చేసిన చాలును. నేలమీదనే ఒకే కొలతగల భాగములను కావలసినన్ని పోసి, ఆరబెట్టి, పైకెత్తి అమర్చవచ్చును.

హైదరాబాదునకు ఇంతకుముందు వేరొక విద్య ఉండెను. 1591లో కట్టిన చార్మినారుమీద కనబడు పూలు, లతలు సున్నపుగచ్చుతో తీర్చినవి. గచ్చు ఆరకముందే పనివాడు తన చేతితో వాటికి రూపము దిద్దెను. అందుచేత ఒక పువ్వు మరియొక పువ్వునకు అచ్చముగ సరిపోలదు. అచ్చులోనుండి వచ్చిన పువ్వు అట్లు కాదు. వంద పువ్వులును ఒక్కటే.

ఇందులో నష్టమున్నది. చేతిపనివాని ఆలోచన, అలసట, ఉత్సాహము ఆ పువ్వులో కనబడవు. అంతేకాదు, గుమ్మటము రాతికి, ఇటుకకు పుట్టిన రూపము. కాంక్రీటునకు ఆ రూపము అవసరము లేదు. క్రొత్త వస్తువునకు పాత చొక్కా తొడుగుట కృతకమని విమర్శించిన వాస్తుశాస్త్రజ్ఞులు ఉన్నారు. ఆ విమర్శలో సత్యము లేకపోలేదు.

అయినను రెండవవైపు కూడ చూడవలెను. భాషోపాధ్యాయునికి ఈ సంగతి చక్కగ తెలియును. పాత వృత్తములో క్రొత్త విషయమును చెప్పిన కవిని, వృత్తము పాతదను కారణముచేత త్రోసివేయము. వినువాని చెవికి అలవాటైన నడకలో చెప్పినందున క్రొత్త విషయము వానికి త్వరగా అందినదేమో అని ఆలోచింతుము. 1916లో హైదరాబాదు వచ్చిన పల్లెవానికి రైలు క్రొత్త, కాంక్రీటు క్రొత్త, పట్టణము క్రొత్త. కమాను, గుమ్మటము మాత్రము ఎరిగినవి. ఎరిగిన వాకిట అడుగుపెట్టి ఎరుగని లోకమున ప్రవేశించుటకు ఆ పాత రూపము తోడ్పడినది. న్యూయార్కు పనివారు కాల్చిన మట్టితోను, హైదరాబాదు పనివారు సిమెంటుతోను చేసిన పని ఒక్కటే: తక్కువ వెలగల వస్తువుతో, జంకుచు వచ్చినవానికి స్వాగతము పలికిరి. మొదటి ప్రశ్నకు సమాధానము ఇదియే. స్టేషనులోని అలంకారము ధనికుని దర్పము కాదు. అపరిచితునికి చేసిన మర్యాద.

ఒకటి మూతపడినది, ఒకటి బ్రదికినది

సిటీహాలు స్టేషనును 1945 డిసెంబరు 31న మూసివేసిరి. దాని అందమునకు ఆధారమైన వంపే దానికి ముప్పు అయినది. ప్రయాణికులు పెరుగగా రైళ్లు పొడవైనవి. డబ్బాలకు నడుమ కూడ వాకిళ్లు వచ్చినవి. వంపు తిరిగిన ప్లాటుఫారమువద్ద ఆ నడిమి వాకిలికిని అంచునకును మధ్య ప్రమాదకరమైన ఎడము ఏర్పడినది. ప్రక్కనే పెద్ద స్టేషను ఉండుటచేత దిగువారును తక్కువైరి. నేటికిని 6వ నెంబరు మార్గపు రైళ్లు తిరుగుదారిలో ఆ స్టేషనుగుండ పోవుచునే ఉన్నవి, ఆగవు. 1979లో దానిని నగర స్మారకముగ గుర్తించిరి. రవాణా ప్రదర్శనశాల ఏర్పాటు చేయు సందర్శనములలో తప్ప అచ్చట అడుగుపెట్టుటకు వీలులేదు. 

కాచిగూడకు అంతకు మించిన మార్పులే వచ్చినవి. 1930లో నైజాము ప్రభుత్వము రైల్వేను కంపెనీనుండి కొనివేసినది. 1951లో అది సెంట్రల్ రైల్వేలో చేరినది. 1966 అక్టోబరు 2న సికిందరాబాదు కేంద్రముగ దక్షిణమధ్య రైల్వే ఏర్పడినది. 1,000 మిల్లీమీటర్ల మీటరుగేజి పట్టాలు పోయి 1,676 మిల్లీమీటర్ల బ్రాడ్‌గేజి పట్టాలు పడినవి. ఆవిరియంత్రములు పోయినవి. రాజ్యమే మారినది. అయినను గుమ్మటము నిలిచినది, దాని క్రిందనుండి జనులు పోవుచునే ఉన్నారు.

భేదమునకు కారణము కట్టడమునందే ఉన్నది. న్యూయార్కులో అలంకారము, పట్టాలు ఒకే సొరంగములో పెనవేసికొనినవి. ఒకదానిని మార్చిన రెండవది చెడును. కాచిగూడలో అలంకారము వాకిట ఉన్నది. పట్టాలు వెనుక ఉన్నవి. వెనుక ప్లాటుఫారములను పొడిగించినను, పట్టాలను మార్చినను ముందరి ముఖము చెక్కుచెదరనక్కరలేదు. పాతదానికి హాని లేకుండ క్రొత్తది పెరుగుటకు చోటు ఉన్నది. పాత కట్టడములను కాపాడదలచినవారు గుర్తుంచుకొనదగిన పాఠమిది.

ఈ పాఠము నేడు అవసరము. 2023లో అమృత్ భారత్ స్టేషనుల పథకము మొదలైన పిదప దేశమంతట వందలకొలది స్టేషనులను తిరిగి కట్టుచున్నారు. సికిందరాబాదు స్టేషను పునర్నిర్మాణమునకు 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగినది. నగరవాసులు తరతరములుగ ఎరిగిన దాని పాత ముఖభవనమును 2025లో కూల్చివేసిరి. క్రొత్త నిర్మాణమును నిందించుట సులభము. నిత్యము వచ్చు జనసమూహమునకు చోటు కావలెను. వృద్ధులకు లిఫ్టులు, వికలాంగులకు వాలుదారులు కావలెను. కాని పడగొట్టుటకు ముందు ఏది పోవుచున్నదో ఎరిగి పడగొట్టుట వేరు, ఎరుగక పడగొట్టుట వేరు. చూడనివారికి పోయినట్లు కూడ తెలియదు.

చూచుట నేర్పవలెను

పాఠశాలలనుండి హైదరాబాదునకు విహారయాత్ర పోవు బాలబాలికలు గోలకొండను, చార్మినారును చూచి, రైలుస్టేషనును దాటి వచ్చుచుందురు. బండికి గంట ముందుగ చేరి, ఆ గంటను స్టేషను ముందు గడపిన యెడల చరిత్ర, గణితము, భౌతికశాస్త్రము, చిత్రలేఖనము ఒక్కచోటనే దొరకును. కమానులు ఎన్ని? నడిమి గీతకు ఇరుప్రక్కల సరిసమానమా? ఒక కమానులోని పువ్వు రెండవ కమానులోని పువ్వుతో అచ్చముగ సరిపోలునా? సరిపోలిన అది అచ్చుపని, సరిపోలనియెడల చేతిపని. వాననీరు ఎటు పోవును? ఏ భాగము బరువు మోయుచున్నది, ఏ భాగము ఊరక ఉన్నది? ఈ ప్రశ్నలకు పుస్తకము అక్కరలేదు. కాగితము, పెన్సిలు చాలును. అట్టి కాగితమొకటి ఇరువది యేండ్ల తరువాత, ఆ భవనము లేనినాడు, చరిత్రకు ఆధారమైనను కావచ్చును.

స్టేషను లేని తిరువూరులోను ఈ చదువు ఆగనక్కరలేదు. పాత పెంకుటింటి వసారా స్తంభము, గుడి ద్వారబంధము, పాత కచేరీల కిటికీ కమానులు అన్నియు చూపునకు పాఠములే. రైలుమార్గము ఈ ప్రాంతమునకు ఏనాడు వచ్చునో చెప్పలేము. వచ్చిననాడు స్టేషను కట్టుదురు. దాని గోడమీద ఏ బొమ్మ ఉండవలెను? న్యూయార్కు తన వర్తకుని గుర్తుకొరకు బీవరును ఎన్నుకొనినది. ఈ సీమకు మామిడితోట కలదు. ఈ జిల్లాలోనే తెల్లపొణికి కర్రతో బొమ్మలు చెక్కు కొండపల్లి కలదు. ఏ బొమ్మయును లేని గోడ కట్టి, పేరుపలక తగిలించి ఊరకుండుటయు జరుగవచ్చును. అప్పుడు ఇది మా ఊరి వాకిలి, దీనిమీద మా గుర్తు ఉండవలెనని అడుగవలసినవారు నేడు ఇచ్చటి తరగతిగదులలో కూర్చున్న పిల్లలే. అడుగుటకు ముందు వారికి చూచుట తెలిసి ఉండవలెను.